నేరేడు రంగు కడుపులోకి వెళ్ళాక ఏమవుతుంది?

జూన్‌లో ఫస్టియర్ పిల్లలకు బ్రిడ్జి క్లాసులు జరుగుతున్నప్పుడు ఆమ్లాలు, క్షారాల పాఠానికి లిట్మస్ కాగితం బదులు నేరేడు రసం వాడాను. మా జూనియర్ కాలేజీ నల్లమల అంచున ఉంది. ఆ నెలలో బస్టాండు ముందు ఏ తట్ట చూసినా నేరేడు పండ్లే. అర కిలో తెచ్చి, గుజ్జు నీళ్ళలో పిసికి, గుడ్డలో వడకట్టి మూడు గాజు గ్లాసుల్లో పోశాను. ఒకదాంట్లో నిమ్మకాయ పిండితే రసం ఎర్రగా మెరిసింది. ఇంకోదాంట్లో వంటసోడా చిటికెడు వేస్తే నీలం తిరిగింది, మరికాస్త వేసేసరికి పచ్చబడింది. మూడోది అట్లాగే ఊదాగా ఉంది. వెనక బెంచీల పిల్లలు కూడా లేచి వచ్చి టేబుల్ చుట్టూ మూగారు.

అప్పుడు చెంచు గూడెం నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది. "మేడమ్, పండు తింటే ఈ రంగు కడుపులో కూడా ఇట్లే మారుతుందా? మారితే మంచిదేనా?"

కెమిస్ట్రీ చెప్పే మనిషికి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. బెల్లు కొట్టేలోపు కొంత చెప్పాను. మిగతాది తీరిగ్గా చదువుకుని, ఇక్కడ రాస్తున్నాను. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల ఇది నాకు పాఠంతో తీరిపోయే విషయం కాదు. అది కూడా చెబుతాను.

నేరేడుకు ఆ రంగునిచ్చే పదార్థాలు ఆంథోసయనిన్లు. నేరేడులో ఉండేవి ముఖ్యంగా డెల్ఫినిడిన్, పెట్యునిడిన్, మాల్విడిన్ అనే మూడు రకాలు. ఒక్కో అణువు చక్కెర అణువులను అంటిపెట్టుకుని ఉంటుంది. చెట్టు వీటిని మనకోసం తయారు చేసుకోదు. పండు మాగిందని పిట్టలకు, గబ్బిలాలకు, ఎలుగుబంట్లకు కనబడాలి, గింజ దూరం పోయి పడాలి. ఎండ దెబ్బ నుంచి కూడా ఇవి కొంత కాపాడతాయి. రంగు ఎక్కువగా తోలులోనూ, తోలును ఆనుకుని ఉన్న గుజ్జులోనూ ఉంటుంది. గింజ దగ్గరికి పోయేకొద్దీ గుజ్జు పాలిపోతుంది. పండు చిన్నదైతే తోలు వాటా ఎక్కువ, అందుకే రంగూ ఎక్కువ. సంతలో అల్లనేరేడుకు ఉన్న గిరాకీ చిట్టి నేరేడుకు లేదు, గింజే పెద్దది, గొంతు పట్టేస్తుంది అంటారు. ఎత్తుకు ఎత్తు చూస్తే రంగు, వగరు చిట్టి నేరేడులోనే ఎక్కువ దొరుకుతాయి. యూరప్ అడవుల్లో కాసే బిల్‌బెర్రీదీ ఇదే కథ. తోటల్లో పెంచే బ్లూబెర్రీని కోస్తే లోపల తెల్లగా ఉంటుంది, అడవి బిల్‌బెర్రీ లోపలి దాకా ఊదానే.

ఇక వగరు. అది టానిన్ల పని. మన ఉమ్మిలో నోటిని జారుడుగా ఉంచే ప్రొటీన్లు ఉంటాయి. టానిన్లు వాటిని పట్టుకుని ముద్ద కట్టేస్తాయి. జారుడు పోయి నాలుక గరుకుగా తగులుతుంది. తంగేడు చెక్కతో తోళ్ళు ఊనేవాళ్ళు చేసేదీ ఈ కెమిస్ట్రీనే, అక్కడ టానిన్లు పట్టుకునేది తోలులోని ప్రొటీన్లను. కాయను ఉప్పులో వేస్తే వగరు అణిగినట్టు అనిపిస్తుంది. మా అమ్మమ్మ నేరేడు పండ్లను ఉప్పు చల్లి మూత గిన్నెలో కుదిపి ఇచ్చేది. ఇప్పటికీ నాకు అట్లా తింటేనే నేరేడు తిన్నట్టు.

ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. అవును, రంగు మారుతుంది. కడుపులో గాఢమైన ఆమ్లం ఉంటుంది కాబట్టి అక్కడ ఆంథోసయనిన్లు ఎర్రగా, నిలకడగా ఉంటాయి. చిన్నపేగులోకి దిగాక ఆమ్లం విరిగిపోతుంది. అక్కడ అవి నిలవలేవు, రంగు పోగొట్టుకుని ముక్కలవుతాయి. 2013లో బ్రిటన్ శాస్త్రవేత్తలు దీన్ని చక్కగా పట్టుకున్నారు. సయనిడిన్ అనే ఆంథోసయనిన్‌లో కార్బన్‌కు గుర్తు పెట్టి, ఎనిమిది మంది మగవాళ్ళకు 500 మిల్లీగ్రాములు ఇచ్చి, ఆ గుర్తు ఎక్కడెక్కడ తేలుతుందో వెతికారు. మూత్రంలో, ఊపిరిలో కలిపి దాదాపు 12 శాతం కనబడింది. అది కూడా అసలు రూపంలో చాలా తక్కువ, విరిగిన చిన్న చిన్న ఫినాల్ ఆమ్లాల రూపంలోనే ఎక్కువ. వాటిలో కొన్ని రెండు రోజుల దాకా ఒంట్లో తిరుగుతూనే ఉన్నాయి. అంటే మనం నాలుక మీద చూసుకునే ఊదా రంగు రక్తంలో ఊదాగా తిరగదు. మేలు ఏదైనా జరిగితే, అది ఎక్కువగా ఈ ముక్కల వల్లే జరగాలి.

మిగిలినది పెద్దపేగుకు చేరుతుంది. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన భాగం ఇదే. అక్కడి బాక్టీరియాకు ఇవి మేత. నేరేడు గింజలో, దానిమ్మలో, రాస్ప్‌బెర్రీలో ఎల్లాజిటానిన్లు ఉంటాయి. వాటిని బాక్టీరియా యూరోలిథిన్లు అనే కొత్త పదార్థాలుగా మారుస్తుంది. అందరి పేగుల్లోనూ ఆ బాక్టీరియా ఉండదు. కొందరిలో యూరోలిథిన్లు బాగా తయారవుతాయి, కొందరిలో అసలు కావు. ఒకే చెట్టు పండ్లు తిన్న అక్కాచెల్లెళ్ళలో కూడా లోపల తయారయ్యేవి వేరుగా ఉండవచ్చు. పక్కింటాయనకు పనిచేసింది నాకూ పనిచేస్తుందని ఎవరైనా అంటే, కనీసం ఈ విషయంలో దాన్ని నమ్మడం కష్టం.

డబ్బాల మీద రాసే 'యాంటీ ఆక్సిడెంట్' మాట గురించి ఒక్క ముక్క. పరీక్షనాళికలో ఆక్సీకరణను ఏ పదార్థం ఎంత ఆపుతుందో కొలిచి మార్కులు వేసే పద్ధతి ఒకటి ఉండేది, ఓరాక్ అని. అమెరికా వ్యవసాయ శాఖ అట్లాంటి మార్కుల పట్టికను తన వెబ్‌సైట్‌లో పెట్టి, 2012లో తీసేసింది. ఆ అంకెలకూ మనిషి ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదని, కంపెనీలు వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నాయని చెప్పింది. పైన రాసిన 12 శాతం లెక్క గుర్తుంటే ఎందుకో తెలుస్తుంది. పరీక్షనాళికలో ఉన్నంత మోతాదు రక్తంలోకి రాదు. ఆ పట్టిక పోయి ఇన్నేళ్ళయినా ప్రకటనల్లో ఆ మాట మాత్రం పోలేదు.

ఇప్పుడు మా చిన్నాయన సంగతి.

ఆయనకు పదేళ్ళకు పైగా షుగరు. రోజూ మెట్‌ఫార్మిన్ వేసుకునేవాడు. రెండేళ్ళ కిందట ఎవరో నేరేడు గింజల పొడి ఇచ్చి, మూడు నెలలు వాడితే మాత్రలే అక్కర్లేదన్నారు. చిన్నాయన మాత్రలు ఆపేశాడు. మాకు చెప్పలేదు. కాలి బొటనవేలికి పుండు పడి మానకపోతే ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ చూస్తే షుగరు 380. వేలు దక్కింది, కానీ ఆ నెల రోజులు మా ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. "మాత్రలంటే కెమికల్స్ కదమ్మా, ఇదైతే చెట్టుది" అన్నాడు మంచం మీద పడుకుని. "చిన్నాయనా, గింజలో ఉండేది కూడా కెమికలే. ఎంత ఉందో ఆ పొట్లం మీద రాసిలేదు, అంతే తేడా" అన్నాను. ఆయన మీద కోపం లేదు. నేరేడు గింజకు షుగరు తగ్గించే గుణం ఉందన్న మాట ఊరికే పుట్టింది కాదు, ఆయుర్వేదంలో ఉంది. ఇన్సులిన్ ఇంకా రాని రోజుల్లో, 19వ శతాబ్దం చివర, యూరప్ డాక్టర్లు కూడా మన దేశం నుంచి ఈ గింజలు తెప్పించుకుని వాడి చూశారు.

అసలు ఆధారం ఏమిటంటే, గింజలోని పాలీఫినాల్స్ (టానిన్లు, ఆంథోసయనిన్లు ఈ కుటుంబానివే) పిండిపదార్థాన్ని గ్లూకోజుగా విరగ్గొట్టే ఎంజైములను అడ్డుకుంటాయి. పరీక్షనాళికలో ఇది స్పష్టంగా కనబడుతుంది. షుగరుకు ఇచ్చే అకార్బోస్ మాత్ర పనిచేసేదీ ఈ దారిలోనే. ఎలుకల్లోనూ బాగానే కనబడింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ పలచబడుతుంది. గింజల పొడి మీద జరిగిన చిన్న చిన్న ట్రయల్స్‌లో పరగడుపు షుగరు కొంత తగ్గినట్టు వచ్చింది. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల టీని షుగరుకు తాగే అలవాటు చాలా మందికి ఉంది. అక్కడివాళ్ళు 2004లో పద్ధతి ప్రకారం ట్రయల్ చేశారు. ఎవరికి టీ, ఎవరికి గ్లైబురైడ్ అనే షుగరు మాత్ర ఇస్తున్నారో రోగులకూ, చూసే డాక్టర్లకూ తెలియకుండా ఇచ్చారు. మాత్ర వేసుకున్నవాళ్ళకు షుగరు తగ్గింది. టీ తాగినవాళ్ళకు తగ్గలేదు. ఆకు వేరు, గింజ వేరు, పండు వేరు, నిజమే. కానీ తాతల నాటి నుంచి అందరూ తాగుతున్నదే అయినా, నియమంగా కొలిస్తే ఫలితం లేకపోవచ్చని చూపించిన ట్రయల్ అది. కొలవకుండా మాత్ర మానేస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం.

అయితే పండు వల్ల ఉపయోగమే లేదా? ఉంది. నేను చదివినదాన్ని బట్టి, మనం దాన్ని షుగరు మీటర్‌లో వెతుకుతున్నాం, అది రక్తనాళాల్లో కనబడుతోంది.

2019లో బ్రిటన్‌లో ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి. నడుము చుట్టుకొలత, బీపీ, కొలెస్ట్రాల్, షుగరు హద్దు దాటుతున్న 50 నుంచి 75 ఏళ్ళ మధ్యవాళ్ళు 115 మంది. ఆరు నెలల పాటు కొందరికి రోజూ 150 గ్రాముల బ్లూబెర్రీకి సమానమైన పొడి, కొందరికి అందులో సగం, మిగతావాళ్ళకు రంగు, రుచి కలిపిన ఉత్తుత్తి పొడి ఇచ్చారు. 150 గ్రాముల వాళ్ళలో రక్తనాళాలు సాగే గుణం మెరుగుపడింది, నాళాల బిరుసు తగ్గింది. సగం మోతాదు వాళ్ళలో ఆ మార్పు రాలేదు. ఇన్సులిన్ పనితీరు మాత్రం ఎవరిలోనూ మారలేదు. ఈ చివరి వాక్యం చిన్నాయనకు చదివి వినిపించాను. షుగరు ఉన్నవాళ్ళకు అసలు భయం గుండె, నాళాల గురించే కాబట్టి, పండు తినడానికి ఇది మంచి కారణం. మాత్ర మానడానికి మాత్రం ఇందులో ఏ కారణమూ లేదు.

అమెరికాలో నర్సుల మీద జరిగిన పెద్ద పరిశీలన కూడా ఇటే చూపిస్తుంది. 93,600 మంది ఆడవాళ్ళ ఆహారాన్ని 18 ఏళ్ళు గమనించారు. ఆంథోసయనిన్లు ఎక్కువగా తిన్నవాళ్ళలో గుండెపోటు 32 శాతం తక్కువగా కనబడింది. ఇట్లాంటి పరిశీలనలో పండ్లు తినేవాళ్ళు నడక, నిద్ర, సిగరెట్ మానడం లాంటివాటిలోనూ మెరుగ్గా ఉంటారు, ఆ లెక్క ఎంత తీసేసినా కొంత మిగిలిపోతుంది. అందుకే నేను దీన్ని ట్రయల్ తర్వాతే పెడతాను. పైగా ఇవన్నీ బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ అంకెలు. నేరేడులో ఉన్నవీ అదే కుటుంబం అణువులు, అందుకే ఇటువైపు ఆశగా చూస్తున్నాను.

మా అక్క కూతురు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు క్రాన్‌బెర్రీ క్యాప్సూల్స్ తెచ్చింది, తనకు మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుందని. "పిన్నీ, ఇది కూడా ఉత్తదేనా?" అని భయంగా అడిగింది. కాదు. అడవి పండ్ల పదార్థాల్లో మనుషుల మీద ఆధారం గట్టిగా ఉన్నవాటిలో ఇదొకటి. క్రాన్‌బెర్రీలోని ఒక రకం ప్రోఆంథోసయనిడిన్లు (ఇవీ టానిన్ల జాతివే), ఇ.కోలై బాక్టీరియా మూత్రాశయం గోడకు అంటుకోకుండా చేస్తాయని భావిస్తున్నారు. వైద్య ట్రయల్స్‌ను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023 సమీక్ష 50 ట్రయల్స్‌ను, 8,857 మందిని కలిపి చూసింది. ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వచ్చే ఆడవాళ్ళలో అది దాదాపు నాలుగో వంతు తగ్గింది. గర్భిణుల్లో, వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవాళ్ళలో ఆ లాభం కనబడలేదు. ఇంకో సంగతి, ఇది రాకుండా చూసుకోవడానికే. వచ్చేశాక, మంట, జ్వరం ఉంటే డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ వేసుకోవాల్సిందే. తనకు అదే చెప్పాను.

మన వైపు వర్షాలు పడ్డాక వాక్కాయలు, కలివి పండ్లు వస్తాయి. వాక్కాయ కోస్తే పాలు కారతాయి, పులుపు, వగరు రెండూ ఉంటాయి. పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. మాగితే నల్లటి ఊదా రంగు, అవీ ఆంథోసయనిన్లే. కేకుల మీద, స్వీట్ పాన్‌లో పెట్టే ఎర్ర 'చెర్రీ' చాలాసార్లు ఈ వాక్కాయే. గింజ తీసి, ఉడికించి, పాకంలో నానబెట్టి, ఎర్ర రంగు కలుపుతారు. ఆ పనిలో కాయ సొంత రంగూ పోతుంది, వగరూ పోతుంది. చక్కెర మాత్రం మిగులుతుంది. నేరేడు స్క్వాష్ విషయంలోనూ నాకు ఇదే బాధ. ఆంథోసయనిన్లకు వేడి పడదు, నిలవ పడదు. సీసాలో నెలలు ఉన్న రసం గోధుమ రంగుకు తిరగడం చూసే ఉంటారు. పండు దొరికే నెలలో పండే తినండి. 100 గ్రాముల నేరేడులో పిండిపదార్థం దాదాపు 14-15 గ్రాములే, షుగరు ఉన్నవాళ్ళు కూడా చారెడు తినవచ్చు.

సూపర్ మార్కెట్‌లో 125 గ్రాముల బ్లూబెర్రీ డబ్బాకు వందల రూపాయలు పెట్టే అమ్మలు, బడి ముందు తట్టలో ఉన్న నేరేడును "దుమ్ము, గొంతు పడుతుంది" అని పిల్లల చేతిలోంచి లాగేయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. దుమ్ము ఉంటే ఉప్పునీళ్ళలో కడగొచ్చు కదా. ఆ తట్ట దగ్గర కూర్చున్న ఆమె తెల్లవారకముందే అడవిలోకి పోయి ఏరుకొచ్చిన పండ్లవి.

అడవి పండన్న ప్రతిదీ నోట్లో పెట్టుకోమని మాత్రం చెప్పను. కామంచి పండ్లు నల్లగా మాగాకే తినాలి, పచ్చివాటిలో సొలనిన్ ఉంటుంది, వాంతులు, కడుపునొప్పి తెస్తుంది. గురివింద గింజ అయితే ప్రాణానికే ప్రమాదం. మొక్క ఇట్లాంటి పదార్థాలు తయారు చేసుకునేది వేరే ప్రాణుల మీద పనిచేయడానికే. గూడెం పిల్లలకు ఏది ఎప్పుడు తినాలో తెలుసు. మొర్రి, బలుసు, పరికి, తునికి, ఏది ఏ నెలలో ఏ వాగు పక్కన మాగుతుందో నా క్లాసులో ఆ అమ్మాయి చెబుతుంటే టౌను పిల్లలు నోట్సు రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

చివరగా మా ఆడపిల్లల కోసం ఒకటి. కాలేజీలో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. మా దగ్గర రక్తం తక్కువ ఉన్న పిల్లలు చాలా మందే. టానిన్లు ఉమ్మిలో ప్రొటీన్లను పట్టుకున్నట్టే పేగులో ఐరన్‌ను కూడా పట్టుకుంటాయి, అప్పుడు అది ఒంటికి పట్టదు. టీకి కూడా ఈ గుణం ఉంది. మాత్ర మింగి వెంటనే గుప్పెడు నేరేడు పండ్లు నోట్లో వేసుకుంటే మాత్ర కొంత వృథా. కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. మాత్రతో పాటు నిమ్మనీళ్ళో, జామకాయో అయితే విటమిన్ సి వల్ల ఐరన్ ఇంకా బాగా పడుతుంది. మా దగ్గర మాత్ర మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇస్తారు. పండ్లు సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు తినమని అన్ని సెక్షన్లకూ చెప్పాను, స్టాఫ్ రూమ్ బోర్డు మీద కూడా రాసి పెట్టాను.